డిప్రెషన్‌కు జన్యువులను వెతికితే మనకు ఒరిగేదేమిటి?

రాగిచెట్టు:
2025 జనవరిలో ‘సెల్’ పత్రికలో డిప్రెషన్ జన్యుమూలాల మీద ఒక భారీ అధ్యయనం వెలువడింది. 29 దేశాల నుంచి 50 లక్షల మందికి పైగా జన్యు సమాచారం తీసుకున్నారు. వారిలో జబ్బు ఉన్నవారే 6,88,808 మంది. జబ్బుతో ముడిపడిన 697 జన్యు తేడాలు దొరికాయి గాని, విడివిడిగా చూస్తే ఏ ఒక్కదాని ప్రభావమూ చెప్పుకోదగినంత లేదు. ఇంత ధనం పోసి ‘కారణాలు వందల కొద్దీ ఉన్నాయి’ అని తేల్చుకోవడం కంటే, ఆ సొమ్ముతో జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్యులను నియమించడం మేలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

తార్నాక వాసి:
రాగిచెట్టు గారూ, ఆ సొమ్ములో అధికభాగం మనది కాదు కనుక, అది ఆగినంత మాత్రాన మన జిల్లాలకు డాక్టర్లు రారు. జన్యుశాస్త్ర ప్రయోగశాలలో పదేళ్ళు పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఈ వెతుకులాట వల్ల మొదట తెలిసింది మన తప్పే. 2003లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 847 మందిని పరిశీలించి, సెరోటోనిన్ అనే మెదడు రసాయనాన్ని కణంలోకి తిరిగి చేరవేసే ప్రోటీన్ తాలూకు జన్యువు పొట్టి రూపంలో ఉన్నవారు కష్టాలు వచ్చిపడినప్పుడు ఎక్కువగా కుంగిపోతారని ప్రకటించారు. దాన్ని నమ్మి ఏళ్ళ తరబడి వ్యాసాలు వచ్చాయి. 2009లో 14 అధ్యయనాలను కలిపి చూస్తే ఆ సంబంధం నిలబడలేదు. 2019లో అలా పేరుపడ్డ 18 జన్యువులను లక్షల మందిలో పరీక్షిస్తే, గుడ్డిగా ఏరి తెచ్చిన జన్యువుల కంటే అవి మెరుగేమీ కాదని తేలింది. పెద్ద సంఖ్యలో మనుషులను చూడకపోతే ఆ పొరపాటు ఇంకా పాఠ్యపుస్తకాల్లో ఉండేది.

చిక్కడపల్లి అన్నయ్య:
ఇదంతా ఎందుకండీ? డిప్రెషన్‌లో వారసత్వం పాలు 37 శాతమని కవలల అధ్యయనాలను సమీక్షించి 2000లోనే చెప్పారు. అంటే తండ్రికి ఉంటే బిడ్డకు నూటికి 37 వంతులు వస్తుందన్నమాట. దీన్ని తేలిక చేసి మాట్లాడటం ప్రమాదం.

తార్నాక వాసి:
ఆ లెక్కకు అర్థం అది కాదండీ. ఒక జనాభాలో కొందరికి జబ్బు రావడానికి, కొందరికి రాకపోవడానికి మధ్య ఉన్న తేడాలో జన్యువుల వాటా ఎంత అన్నదే ఆ 37. అది ఒక ఇంటికో, ఒక బిడ్డకో వేసే జోస్యం కాదు. తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని ఒకరికి ఉంటే ముప్పు దాదాపు మూడు రెట్లవుతుందని అదే సమీక్ష చెప్పింది. అయినా అలాంటి ఇళ్ళలో జబ్బు రానివారు ఎందరో ఉంటారు. ఒకే జన్యువుతో తేలిపోయే విషయం ఎలా ఉంటుందో చూడాలంటే మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును విరిచే ఎంజైము వైశ్యుల్లో కొందరికి పుట్టుకతోనే ఉండదు, వాళ్ళకు ఆ మందు గంటల తరబడి దిగదు. ఆ సంగతి ముందుగా తెలిస్తే మత్తు డాక్టరు మందు మారుస్తాడు, సమస్య అక్కడితో తీరిపోతుంది. డిప్రెషన్‌లో అలా మార్చడానికి ఒక్క మీట లేదు.

నీలిమబ్బు:
మూడు రెట్లన్నా ఎక్కువే కదండీ?

వానకోయిల:
నేను పదో తరగతిలో ఉండగా మా అమ్మకు డిప్రెషన్ వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగి గట్టు మీదకు కారుతున్నా, పక్కనే పీట మీద కూర్చుని అలా చూస్తూ ఉండేది. ఎనిమిది నెలల చికిత్సతో కోలుకుని, ఆ తరవాత పదిహేనేళ్ళు ఇంట్లో ట్యూషన్లు చెప్పింది. ఆరేళ్ళ క్రితం మా అక్కకు సంబంధం కుదిరి, లగ్నపత్రిక రాసుకున్నాక, ‘తల్లిని ఎర్రగడ్డలో చూపించారట, రక్తంలో ఉన్నది పిల్లలకు రాకుండా పోతుందా’ అని మగపెళ్ళివారు మధ్యవర్తితో కబురు పెట్టి తప్పుకున్నారు. ఆనాటి నుంచి మా అమ్మ, తాను చేయని తప్పుకు, అక్కకు క్షమాపణ చెబుతూనే ఉంది. ఈ 697 కూడా రేపు ఎవరో ఒక మధ్యవర్తి నోటికి చేరుతుంది.

చిక్కడపల్లి అన్నయ్య:
మీ అమ్మగారి విషయం బాధాకరమే. అంతమాత్రాన 37 అబద్ధమైపోదు. ముందుగా తెలుసుకునే హక్కు అవతలివారికి ఉండదా?

వానకోయిల:
మీరు ఆ 37ను పట్టుకుని వేలాడుతున్నది శాస్త్రం కోసం కాదని మొదటి నుంచీ అనిపిస్తోంది. ఇంటి పేరు చూసి మనుషులను తూచడానికి మీకొక అంకె కావాలి. అంతే!

చిక్కడపల్లి అన్నయ్య:
అంత మాట అన్నారు కనుక చెబుతున్నాను. మా చెల్లెలిని ఇచ్చేటప్పుడు అబ్బాయి రెండేళ్ళుగా మాత్రలు వాడుతున్నాడన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. కొత్త కాపురంలో బయటపడుతుందన్న భయంతో పెళ్ళికి వారం ముందు అతనే వాటిని మానేశాడు. మూడో నెలలో ఒక రాత్రి ఇల్లు విడిచి వెళ్ళి, రెండు రోజుల తరవాత కాచిగూడ స్టేషన్లో దొరికాడు. చెల్లెలు బీరువా సర్దుతుంటే పెళ్ళి పంచె మడతల్లో ఒక మాత్రల స్ట్రిప్పు కనిపించింది. మందు పేరున్న భాగం మటుకు కత్తెరతో శ్రద్ధగా కత్తిరించి ఉంది. ఆ స్ట్రిప్పు చేతిలో పట్టుకుని చెల్లెలు నాకు ఫోన్ చేసిన రోజు నేను మరిచిపోలేను.

వానకోయిల:
ఆ పేరును కత్తిరించుకోవలసిన అవసరం అతనికి ఎందుకు వచ్చింది? చెబితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం కదా. మీకు ముందే చెప్పి ఉంటే పిల్లనిచ్చేవారా?

చిక్కడపల్లి అన్నయ్య:
ఇచ్చేవాళ్ళమో లేదో తెలియదు, ఉన్నమాట ఒప్పుకుంటున్నాను. కాని తెలిసి ఇచ్చి ఉంటే, ఆ మాత్రలు వేళకు మా చెల్లెలే చేతికిచ్చేది. ఇప్పుడు అతను బాగానే ఉన్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. వాళ్ళ బాబుకు ఆరేళ్ళు. చీకటి పడితే వాడు తల్లి కొంగు వదలడు. నేను 37 అని అడుగుతున్నది వాడి కోసం. తార్నాక వాసి గారూ, పరీక్ష ఏదైనా ఉందా?

తార్నాక వాసి:
ఆ సంగతి మొదటే చెప్పవలసింది, నేను లెక్కలు విప్పుతూ కూర్చున్నాను. వాడికి పనికొచ్చే జన్యుపరీక్ష ఇప్పటికి లేదు. జన్యు తేడాలన్నిటినీ కూడి ఇచ్చే స్కోరు కూడా, జబ్బు ముప్పులో మనిషికీ మనిషికీ ఉండే తేడాను ఐరోపా సంతతివారిలో మహా అయితే 5.8 శాతం వివరిస్తుంది. ఆ ‘సెల్’ అధ్యయనంలో ఇతర సంతతులవారు నాలుగో వంతుకు మించలేదు కనుక, మన పిల్లల విషయంలో దాన్ని ఇంకా తక్కువగా నమ్మాలి. అందుకే ఇలాంటి అధ్యయనాల్లో మనవాళ్ళ నమూనాలు పెరగాలి. ఎవరైనా డబ్బు తీసుకుని పరీక్ష చేస్తామంటే చేయించకండి. ఆరేళ్ళ పిల్లలు చీకటికి భయపడటం మామూలే. ఆ భయం బడికి, నిద్రకు అడ్డమైతే పిల్లల డాక్టరుకు చూపించి, తండ్రి విషయం దాచకుండా చెప్పమనండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయకేంద్రం టెలి మానస్ వారు తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు.

రాగిచెట్టు:
డాక్టర్లు కావాలన్న నా మాట మాత్రం నేను వెనక్కి తీసుకోవడం లేదు. ఫోన్ ఎత్తినవారు పంపించడానికి దగ్గరలో ఒక డాక్టరు ఉండాలి కదా.

వానకోయిల:
చిక్కడపల్లి అన్నయ్య గారూ, ఇందాక తొందరపడి మాట అన్నాను, మన్నించండి. డాక్టరుకు చెప్పండి, బాబుకు మాత్రం ఇప్పుడే చెప్పకండి. ‘మీ అమ్మకు ఉంది, నీకూ రావచ్చు’ అన్న మాట చిన్నప్పుడు విన్నదాన్ని, ఏ రోజు నిద్ర పట్టకపోయినా నాకు అదే గుర్తొస్తుంది.

చిక్కడపల్లి అన్నయ్య:
మీరు మన్నించమని అడగనక్కరలేదు. కాని పెద్దయ్యాక ఇంకెవరి నోటనో వింటే వాడు మమ్మల్ని ఏమనుకుంటాడు? చెప్పాలా వద్దా అన్నది మా చెల్లెలు, బావగారు కూర్చుని తేల్చుకోవాలి. ఈ చర్చ వాళ్ళిద్దరికీ ఇవాళే పంపిస్తున్నాను.