నీటి బొట్టు పడే క్షణం ఫొటోలో నిలవడం లేదు. హై స్పీడ్ కెమెరా లేకుండా కుదురుతుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారమండీ. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇక్కడ ప్లస్ టూ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. తలతన్యత (నీటి పైపొర బిగువు) పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద బొమ్మలు గీసి సరిపెట్టడం నాకు తృప్తిగా లేదు. బొట్టు నీళ్లలో పడగానే కిరీటంలా లేస్తుంది కదా, అది మన ఊళ్లో, మన చేత్తో తీసిన ఫొటోగా పిల్లలకి చూపించాలని ఉంది. వీలైతే బెలూన్ పగిలే క్షణం కూడా.

నా దగ్గర కానన్ 1500డీ, దానితో వచ్చిన లెన్సు, మాన్యువల్‌గా పవర్ తగ్గించుకునే బ్యాటరీ ఫ్లాష్ ఉన్నాయి. షట్టరు 1/4000 సెకను పెట్టి ట్యూబ్ లైటు కింద తీస్తే ఫొటో నల్లగా వస్తోంది. ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె) పెంచితే గింజలు గింజలుగా కనిపిస్తోంది, బొట్టు అంచు అప్పటికీ చెదిరే ఉంటోంది. ఫోన్ స్లో మోషన్‌లో తీస్తే వెలుగు టపటపా కొట్టుకుంటోంది. దీనికి సెకనుకి వేల ఫ్రేములు తీసే కెమెరానే కావాలని ఒకరు అన్నారు. దాని ధర మాకు అందేది కాదు. పైగా నాకు ఒక్క ఫొటో చాలదు, బొట్టు తాకిన దగ్గర్నుంచి చివరి దాకా వరుసగా కావాలి. దారి ఉంటే చెప్పండి.

జయపురం పెళ్లి ఫొటోలు:

మాస్టారూ, ఫోన్ సంగతి నేను చెబుతా. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్ లైటు వెలుగు సెకనుకి 100 సార్లు తగ్గి పెరుగుతుంది. మామూలుగా కంటికి తెలీదు, 240 ఫ్రేముల్లో తీస్తే తెలుస్తుంది. పగలు ఎండలోకి తీసుకెళ్లండి, టపటపలు పోతాయి. 960 ఫ్రేములని రాసి ఉన్న ఫోన్లలో కొన్ని మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌తో పుట్టిస్తాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ, పిల్లల చేత వేగం లెక్క కట్టించాలంటే దాన్ని నమ్మొద్దు.

రాయగడ టీవీ మెకానిక్:

మాస్టారు గారూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది. పగలు షాపులో టీవీలు బాగు చేస్తాను, రాత్రి తలుపులు మూసుకుని ఇదే పని చేస్తాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు షట్టరుని మర్చిపోండి. కదలికను ఆపేది వెలుగు. లెక్క మీకు తెలిసిందే: 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన బొట్టు కిందికి వచ్చేసరికి సెకనుకి 2.8 మీటర్ల వేగంతో ఉంటుంది. 1/4000 సెకనులో అది 0.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. దగ్గర నుంచి తీసే ఫొటోలో ఆ మాత్రం చాలు అంచు చెదరడానికి. మీ ఫ్లాష్‌ని 1/128 పవర్‌లో పెడితే వెలుగు సుమారు 1/20,000 సెకను మాత్రమే ఉంటుంది. అప్పుడు బొట్టు జరిగేది 0.14 మిల్లీమీటర్లే. బ్యాటరీ ఫ్లాష్ పవర్ తగ్గించడమంటే వెలుగును మధ్యలో తెంపేయడం, అందుకే తక్కువ పవర్‌లో ఎక్కువ పదును. ఫుల్ పవర్ పెడితే వెలుగు ఎక్కువసేపు సాగి మళ్లీ చెదురుతుంది. స్టూడియోలో వాడే పెద్ద లైట్లలో కొన్ని దీనికి తలకిందులుగా ఉంటాయి, వాటితో పోల్చుకోకండి.

గది పూర్తిగా చీకటి చేయండి. కెమెరాని స్టాండు మీద పెట్టి, లెన్సు రంధ్రం ఎఫ్/11, ఐఎస్ఓ 400, షట్టరు రెండు సెకన్లు తెరిచి ఉంచండి. ఆ రెండు సెకన్లలో సెన్సర్ మీద పడేది ఫ్లాష్ వెలుగొక్కటే. తక్కువ పవర్ కాబట్టి ఫ్లాష్‌ని జానెడు దూరంలోకి తీసుకురండి. వెనక తెల్ల కాగితం పెట్టి దాని మీద కొడితే బొట్టు అంచులు బాగా తేలుతాయి. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్‌టన్ పాల చుక్క కిరీటాన్ని పట్టుకున్నది ఇలాంటి క్షణికమైన వెలుగుతోనే.

ఇప్పుడు మీ అసలు కోరిక, వరుసగా కావాలన్నది. దీనికి వందేళ్లకు ముందే ఇంగ్లండ్‌లో ఆర్థర్ వర్తింగ్టన్ అనే ఫిజిక్స్ ఆయన దారి చూపించారు. చీకట్లో ఒక్క నిప్పురవ్వ వెలిగించి, ఆ వెలుగులో కంటికి కనిపించింది గీసుకునేవారు. మరో బొట్టు వేసి, రవ్వను కాస్త ఆలస్యంగా వెలిగించి తర్వాతి దశ గీసేవారు. ఒకే ఎత్తు నుంచి, ఒకే సైజులో పడే బొట్లు దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి కనక, ఒక్క బొట్టుని వెయ్యి ఫొటోలు తియ్యక్కర్లేదు. ఒక్కో బొట్టుకి ఒక్క ఫొటో తీసి వరసలో పేర్చుకోవచ్చు. 1894లో ఆయనకి ఫొటోలు తీయడం కుదిరినప్పుడు ఒక సంగతి బయటపడింది. చేత్తో గీసినప్పుడు కిరీటాలు చక్కగా, సమంగా ఉండేవి, ఫొటోల్లో అంత సమంగా లేవు. కన్నూ మనసూ కలిసి వాటిని సరిచేసేశాయన్నమాట. ఇది మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి మాస్టారూ. కొలత అంటే ఏమిటో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలీదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

చాలా బాగా చెప్పారండీ. ఒక్కో బొట్టుకి ఒక్క ఫొటో అన్న మాట నాకు తట్టనే లేదు. మరి ఫ్లాష్‌ని సరైన మిల్లీ సెకనులో వెలిగించేదెలా? చేత్తో నొక్కితే అందదు కదా.

రాయగడ టీవీ మెకానిక్:

మందుల షాపులో సెలైన్ సెట్టు కొనండి. దాని చక్రం తిప్పి బొట్లు ఎంతెంత సేపటికి పడాలో మీరే పెట్టుకోవచ్చు. పైపు కొసకి మూడు సెంటీమీటర్ల కింద ఒకవైపు టీవీ రిమోట్‌లో ఉండే ఐఆర్ ఎల్ఈడీ, ఎదురుగా ఆ వెలుగును పసిగట్టే ఫొటో ట్రాన్సిస్టర్ పెట్టండి. ఎల్‌డీఆర్ (వెలుగుని బట్టి నిరోధం మారే భాగం) వద్దు, అది నెమ్మది. బొట్టు అడ్డొచ్చిన సంగతి ఆర్డుయినో బోర్డుకి (కోడ్ రాసి పని చెప్పగల చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) తెలుస్తుంది, మీరు పెట్టిన ఆలస్యం తర్వాత అది ఫ్లాష్‌ని వెలిగిస్తుంది. పైపు కొస నీళ్లకి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, బొట్టు ఆ ఐఆర్ వెలుగుకి అడ్డొచ్చిన దగ్గర్నుంచి నీళ్లను తాకడానికి సుమారు 208 మిల్లీ సెకన్లు పడుతుంది. అక్కడ మొదలుపెట్టి రెండేసి మిల్లీ సెకన్లు పెంచుకుంటూ పోతే మీ వరస తయారవుతుంది. బోర్డుకీ ఫ్లాష్‌కీ మధ్య ఆప్టోకప్లర్ (కరెంటు కలవకుండా వెలుగు ద్వారా సంకేతం దాటించే భాగం) తప్పనిసరి. పాత ఫిల్ము కాలం ఫ్లాష్‌లలో కొన్నిటికి ట్రిగ్గర్ దగ్గరే 200 వోల్టులు దాటి ఉంటుంది, ముందు మల్టీమీటర్‌తో చూడండి. ఫ్లాష్‌ని మాత్రం పిల్లల చేత ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పించకండి. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవుంటుంది, బ్యాటరీలు తీసేసినా కొడుతుంది.

కిరీటం కావాలంటే పళ్లెంలో పలచటి పొరగా పాలు పోయండి. లోతైన తొట్టిలో పడితే గుంట పడి, మూసుకుని, మధ్యలోంచి స్తంభం లేస్తుంది. రెండూ తీయండి.

బెలూన్‌కి ఇదే ఏర్పాటు, సెన్సర్ బదులు మైకు. శబ్దం ఒక మిల్లీ సెకనులో దాదాపు 35 సెంటీమీటర్లు వెళ్తుంది. మైకుని దగ్గరికీ దూరానికీ జరపడమే ఆలస్యాన్ని మార్చడం, దానికి కోడ్ కూడా అక్కర్లేదు. బెలూన్‌లో నీళ్లు నింపి చూడండి. రబ్బరు ఊడిపోయినా నీళ్లు ఒక్క క్షణం బెలూన్ ఆకారంలోనే నిలబడతాయి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):

మాస్టారూ, ఈ పద్ధతి గదికే. నేను ప్రాణహిత దగ్గర నల్లతెల్ల లకుముకి పిట్టలు తీస్తాను. బయట ఎండ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడ షట్టరే దిక్కు, 1/3200 సెకను కంటే నెమ్మదిగా పెట్టను. ఆ పిట్ట దూకే ముందు గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ ఆగుతుంది, ఫోకస్ అప్పుడే పట్టేసుకోవాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ ధన్యవాదాలండీ. ఆప్టోకప్లర్ ఇక్కడ దొరకలేదు, బరంపురం వెళ్లే మనిషికి చెప్పాను. ఈలోగా పిల్లల చేత 30, 40, 50 సెంటీమీటర్లకి ఆలస్యాలు లెక్క కట్టిస్తున్నాను. మెకానిక్ గారూ, పాలల్లో గ్లిజరిన్ కలిపితే కిరీటం ఇంకాస్త సేపు నిలుస్తుందా?

రాయగడ టీవీ మెకానిక్:

చిక్కదనం పెరిగితే చిందే చిన్న తుంపరలు తగ్గి అంచు నునుపుగా వస్తుంది మాస్టారూ. ముందు ఉత్త పాలతో ఒక వరస పూర్తి చేసి, తర్వాత కొద్దికొద్దిగా కలపండి. రెండు వరసలూ ఇక్కడ పెట్టండి, పక్కపక్కన చూద్దాం.