“పుట్టి మునిగింది”లో పుట్టి ఏది? “పుట్టెడు దుఃఖం”లో పుట్టి ఏది?

నల్గొండ తెలుగు టీచర్:
ఎనిమిదో తరగతి పిల్లలకు జాతీయాలు చెప్తున్నాను. పుట్టెడు దుఃఖం, పుట్టి మునగడం ఒకే రోజు వచ్చాయి. పుట్టి అంటే ధాన్యం కొలత అని ముందు చెప్పాను. దాంతో ఒక అమ్మాయి లేచి “కొలత నీళ్లలో ఎట్ల మునుగుతది సార్?” అని అడిగింది. ఇంకో అబ్బాయి “పుట్టి, తర్వాత మునిగింది” అని రాశాడు. రెండోది పడవ అని చెప్పాను కానీ నేనెప్పుడూ చూడలేదు. ఈ మాటలు ఇంకా ఎక్కడైనా నోట్లో ఉన్నాయా? వాడేవాళ్లే చెప్తే బాగుంటుంది.

కోవూరు రైతు:
మాస్టారూ, కొలత సంగతి నేను చెప్తాను. నెల్లూరు జిల్లాలో మాకు ఇది పాత మాట కాదు. కోతల టైములో అందరి నోటా “పుట్టి ఎంత పలుకుతోంది?” అన్నదే మాట. మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో ‘ఎ’ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు ఉంటే, మేం దాన్ని పుట్టికి 19,720 అని చెప్పుకున్నాం.

అసలు ఇది తూకం కాదు, కొలత. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అంటే 320 మానికలు. మానిక సైజు ఊరికో రకంగా ఉండేది కాబట్టి పుట్టి కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఐదు తూములు ఏదుము, పది తూములు పందుము. “ఏదుం తిన్నా ఏకాశే, పందుం తిన్నా పరగడుపే” అన్న సామెత పిల్లలకు ఈ లెక్కతో చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. పావు పుట్టి తిన్నా ఏకాదశి ఉపవాసమేనట, అర పుట్టి తిన్నా పరగడుపేనట!

ఒక బాధ కూడా చెప్పాలి. గింజలో తేమ ఉందని కొనేవాళ్లు పుట్టికి 850 దాటి కాటా వేసిన ఏడాది ఉంది. చీటీలో మాత్రం “ఒక పుట్టి” అనే రాశారు. అందుకే పుట్టి అంటే ఎంతో పిల్లలకు కచ్చితంగా తెలియాలంటాను.

మక్తల్ కృష్ణ ఒడ్డు:
సార్, పుట్టి గురించి నన్నడగండి. మాది నారాయణపేట జిల్లా, కృష్ణ పక్కనే. పంచదేవ్ పహాడ్ నుంచి కురవపురం దత్తక్షేత్రానికి పోవాలంటే నది దాటాలి. అక్కడ భక్తులను పుట్టిల్లోనే దాటించేవాళ్లు. నేను చిన్నప్పటి నుంచి ఎక్కుతున్నా.

వెదురు బద్దలతో పెద్ద గంపలాగా గుండ్రంగా అల్లుతారు. వెనుకట పైన తోలు కప్పేవాళ్లు, తర్వాత పట్టా కప్పి తారు పూస్తున్నారు. దానికి ముందూ వెనకా ఉండదు. ఒక్క పక్కనే తెడ్డు వేస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతది. నడిపేటాయన అంచు మీద వంగి, నీళ్లను తన వైపు లాక్కుంటూ పోతడు. ఎక్కేవాళ్లు అడుగున చుట్టూ సర్దుకొని కూర్చోవాలె. ఎవరన్నా లేచి నిలబడితే “కూసో! కూసో!” అని అందరూ అరుస్తరు. అంచు నీటికి జానెడు ఎత్తులోనే ఉంటది, ఒక్క పక్కకు బరువు పడితే నీళ్లు లోపలికి వచ్చేస్తయి. “పుట్టి మునిగింది” అంటే అంతా పోయిందని ఎందుకు అర్థమొచ్చిందో ఒక్కసారి ఎక్కినోళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇది ఇయ్యాల్టిది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఇవే చూశాడు. గంపల్లా గుండ్రంగా ఉంటాయనీ, లోపల బెత్తం, బయట తోలు అనీ, పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయనీ రాశాడు. అరిగోలు, హరిగోలు అన్నా ఇదే.

నల్గొండ తెలుగు టీచర్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తాను. ఇంకొక్క డౌట్. “పుట్టెడు” పడవ నుంచి కూడా రావచ్చు కదా, పుట్టి నిండా అని?

పాత పద్దుల పరిశీలకుడు:
వ్యాకరణం ఒప్పుకుంటుంది. గంపెడు, కడివెడు, దోసెడు అన్నీ అలా వచ్చినవే. కానీ వాడుక కొలత వైపే ఉంది. పుట్టెడు వడ్లు, పుట్టెడు అప్పు అంటాం, పాత దానశాసనాల్లో నేలను కూడా పుట్లలో చెప్పారు. అంత విత్తనం పట్టే నేల అని. కన్నడంలో గంపను బుట్టి అంటారు, మనకు బుట్ట ఉంది. కొలతా పడవా రెండూ ఒక గంప నుంచే వచ్చాయని నా ఊహ, రుజువు మాత్రం కాదు.

మక్తల్ కృష్ణ ఒడ్డు:
మా దిక్కు పడవలైతే “పుట్టిలు”, వడ్లయితే “పుట్లు”. ఎవరూ తికమక పడరు సార్.

కోవూరు రైతు:
మాకూ పుట్లే. “ఎకరాకు మూడు పుట్లు పైన పండింది” అంటే ఆ ఏడు పంట బాగున్నట్టు.