పేరు లేని సర్వేలో స్కోరు బాగా తక్కువొస్తే ఆ విద్యార్థిని చేరుకునేదెలా?
పోలీసులు ఇంటర్ విద్యార్థుల మానసిక క్షేమంపై చేస్తున్న అధ్యయనానికి మా సేవా క్లబ్ సాయపడుతోంది. ఫారం డబ్ల్యూహెచ్‌వో-5, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక క్షేమ ప్రశ్నావళి: గత రెండు వారాలపై 5 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తాన్ని 4తో గుణిస్తే వందకి స్కోరు. 50 కన్నా తగ్గితే ఇంకాస్త లోతుగా చూడాలి. గదిలో యూనిఫాం కనబడితే అందరూ ‘బాగున్నాం’ అనే టిక్కు పెడతారు. అందుకే ఫారాలు పంచేది, సీలు పెట్టెలో వేయించేది క్లబ్ వాళ్లే. పోలీసులకు వెళ్లేవి కాలేజీవారీ మొత్తాలే. తల్లిదండ్రుల అనుమతి సంతకం వేరే కాగితం మీద.

చిక్కల్లా ఒకటే. పేరు లేకపోతే 20 వచ్చిన పిల్లెవరో తెలియదు. రోల్ నంబరు అడిగితే నిజం రాయరు. ఫారం కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 అచ్చేస్తున్నాం గానీ అదొక్కటే చాలదు. కోడ్ నంబర్లిచ్చి, వాటి జాబితా కౌన్సెలర్ దగ్గరే ఉంచే పద్ధతి ఎవరైనా నడిపారా? కౌన్సెలరే లేని కాలేజీలో ఆ జాబితా ఎవరి చేతికిచ్చారు?