అప్‌డేట్: నర్సింగ్ తర్వాత ఏ పీజీ అని అడిగాను కదా

అనంతపురంలో బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, ఎమ్మెస్సీ నర్సింగే చేయాలా, లేక ఆరోగ్యాన్నీ సమాజాన్నీ కలిపి చదివే పీజీ ఏదైనా చూసుకోవాలా అని మూడు నెలల కిందట అడిగాను. రెండోదే ఖాయం చేసుకున్నా. ఢిల్లీ జేఎన్‌యూలో సోషల్ మెడిసిన్ సెంటర్, ముంబై టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) సోషల్ ఎపిడెమియాలజీతో, అంటే జబ్బుల వెనక సమాజంలోని కారణాలు వెతికే చదువుతో, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంపీహెచ్, ఈ మూడూ లిస్టులో ఉన్నాయి.

నిజానికి నా మనసు మార్చింది మా జేజి. పళ్ల మీద గోధుమరంగు చారలు, లేవాలంటే గోడ పట్టుకోవాలి, అంతా బోరునీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పరీక్షకు బట్టీ పట్టాను గానీ, మా ఊళ్లో బోర్లు ఏటేటా ఇంకా లోతుకు ఎందుకు దింపాల్సి వచ్చింది, ఇరవై లీటర్ల క్యాను కొన్న రోజు కూడా ఆ నీళ్లు మగవాళ్లకూ పిల్లలకూ పోసి జేజి మాత్రం బోరునీళ్లే ఎందుకు తాగేది, ఇవి ఏ వార్డులోనూ ఎవరూ చెప్పలేదు.

నాన్న మాత్రం "దాంతో ఉద్యోగం ఏమొస్తాది మ్మా" అంటూనే ఉన్నాడు. సర్వేలు, ప్రభుత్వ ఆరోగ్య ప్రాజెక్టులు, ఎన్‌జీవోలు అని చెప్పా, ముఖం చూస్తే నమ్మినట్టు లేదు. నాకైతే ఈ కోర్సుల్లో ఉండే స్టాటిస్టిక్స్ ఒక్కటే టెన్షన్, ఇంటర్ బైపీసీ కదా, నిన్ననే తమ్ముడి పాత లెక్కల పుస్తకం అటక మీంచి దింపా.