ఫ్రాన్స్ నడుమ కొండలలో సైకిల్ యాత్ర: లొజేర్, సెవెన్ (Cévennes) దారుల గురించి చర్చ

కనుమదారి (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌లో నేనూ నా భార్యా ఫ్రాన్స్‌లో క్లెర్మోఁ ఫెరాఁ, నీమ్ నగరాల నడుమ ఉన్న లొజేర్, సెవెన్ కొండ ప్రాంతాలలో, సామాను సైకిళ్ళకు కట్టుకొని రెండు వారాలు తిరగాలనుకుంటున్నాము. ఆల్ప్స్‌లోని పేరున్న కనుమలు మాకు అక్కర్లేదు. వాహనాలు తక్కువగా తిరిగే పల్లె దారులు కావాలి. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మా ఇద్దరికీ బాగా అలవాటు. రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున తొక్కుతూ, రాత్రిళ్ళు గుడారంలో పడుకోవాలని ఆలోచన. ఇద్దరమూ శాకాహారులము. ఆ దారులు తొక్కినవారు దారి ఎంపిక, గేర్లు, తిండి, నీళ్ళ విషయంలో తమ అనుభవాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తులూజ్‌వాసి

మంచి ప్రాంతం ఎంచుకున్నారండీ. లొజేర్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు సుమారు 15 మంది మాత్రమే ఉంటారు. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో ఇంతకంటే తక్కువ జనాభా ఉన్న జిల్లా లేదు. మీరు కోరుకునే నిశ్శబ్దానికి మూలం అదే, దుకాణాలు దూరదూరంగా ఉండటానికి మూలమూ అదే.

అయితే రోజుకు 80 కిలోమీటర్ల లెక్కను దయచేసి మళ్ళీ ఆలోచించండి. అరకు దారిలో ఒకసారి కొండెక్కితే చాలావరకు పైనే ఉంటాము. ఇక్కడ నదులు కొండలను లోతుగా కోసుకుంటూ పోయాయి కాబట్టి ఎక్కిన ఎత్తంతా దిగి, ఏరు దాటి, అవతలి గట్టున మళ్ళీ ఎక్కవలసి వస్తుంది. 60 కిలోమీటర్ల దూరంలోనే 1,200 మీటర్ల ఎక్కుడు సులువుగా కలిసిపోతుంది. అందుకే నేను రోజును కిలోమీటర్లతో కాకుండా ఎక్కుడు మీటర్లతో కొలుస్తాను. సామానుతో వెళ్ళేటప్పుడు 1,000 మీటర్లు దాటకుండా చూసుకుంటాను. మిషెలిన్ పటంలో దారి మీద చిన్న బాణం గుర్తులు ఉంటాయి. ఒక గుర్తు ఉంటే 5 నుంచి 9 శాతం వాలు, రెండు ఉంటే 9 నుంచి 13 శాతం, మూడు ఉంటే అంతకు మించిన వాలు. పసుపు రంగు దారుల కంటే తెల్లగా గీసిన సన్నని దారులలో వాహనాలు తక్కువ, వాలు మాత్రం తరచు ఎక్కువ.

ఈ ప్రాంతంలో రాయిని బట్టి దారి స్వభావం మారుతుందన్నది నాకు అన్నిటికంటే ఉపయోగపడిన విషయం. మోఁ లొజేర్ నల్లసేనపు రాతి కొండ. గుండ్రంగా, విశాలంగా ఉంటుంది, ఎక్కుడు నిడివిగా ఉన్నా సమంగా సాగుతుంది, పక్కన ఊటలు పారుతుంటాయి. దానికి పడమరన ఉన్న కోస్ పీఠభూములు సున్నపురాతివి. పైన చదునుగా, అంచులు గోడల్లా ఉంటాయి కాబట్టి కింది లోయ నుంచి పైకి చేరడానికి వరుస మలుపులలో 400, 500 మీటర్లు ఒకే బిగిన ఎక్కాలి. దక్షిణాన ఉన్న సెవెన్ కొండలు పలకరాతివి. సన్నని వెన్నుగట్లు, వాటి పక్కలంతా చెస్ట్‌నట్ చెట్లు, ఒక్క గజమైనా నేరుగా సాగని దారులు. ఒకే వారంలో ఈ మూడింటినీ చూడగలగడం ఈ యాత్రలోని గొప్ప సౌఖ్యం.

బ్రెవే_హైదరాబాద్

గేర్ల గురించి నేను చెబుతాను. ముందు పెడల్ దగ్గరి పళ్ళ చక్రానికి 34 పళ్ళు, వెనుక పళ్ళ చక్రానికి 34 పళ్ళు ఉన్న సైకిల్‌లో పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం కూడా ఒక చుట్టు తిరిగి సుమారు 2.1 మీటర్లు ముందుకు వెళుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోల బరువుతో 8 శాతం వాలు మీద ఆ వేగం నిలపాలంటే సుమారు 180 వాట్ల శక్తి కావాలి. గంటసేపు అంత శక్తి పెట్టడం చాలామందికి కష్టం. ముందు 24 పళ్ళ చక్రం వేస్తే అదే తొక్కుడుకు వేగం 5.3 కిలోమీటర్లకు తగ్గుతుంది, అవసరమయ్యే శక్తి కూడా 130 వాట్ల లోపునకు వస్తుంది. తేలిక సైకిల్ కొనడానికి డబ్బు పెట్టేకంటే పెడల్ దగ్గరి పళ్ళ చక్రాలు మార్పించుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఈ ఆలోచన పుట్టినది కూడా ఆ పరిసరాలలోనే. ఉత్తరాన ఉన్న సేంతెత్యెన్ పట్టణంలో పోల్ ద వివీ అనే ఆయన వెలోసియో అనే కలం పేరుతో 1887 నుంచి సైకిల్ పత్రిక నడిపారు. కొండదారులకు పలు గేర్లు ఉండాలని ఆయన ఎన్నో ఏళ్ళు వాదించారు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో గేరు మార్చే డిరైలర్‌ను అనుమతించినది మాత్రం 1937లో, ఆయన మరణించిన ఏడేళ్ళకు. ఆకలి వేయకముందే తినాలని, దప్పిక కాకముందే తాగాలని యాత్రికులకు ఆయన చెప్పిన నియమాలను మన హైదరాబాద్‌లో బ్రెవేలు (గడువు లోపల ముగించవలసిన దూర సైకిల్ యాత్రలు) తొక్కేవారు నేటికీ పాటిస్తారు.

లియోన్_తెలుగు

దారి విషయానికి వస్తే, క్లెర్మోఁ నుంచి నీమ్‌కు అలియే నది లోయ వెంట వెళ్ళే ప్రాంతీయ రైలు ఎక్కి లా బాస్తీద్‌లో దిగండి. అక్కడినుంచి ల బ్లేమార్ చేరి, ఫినియెల్ కనుమ దాటండి. ఆ కనుమ 1,541 మీటర్ల ఎత్తున ఉన్నా ల బ్లేమారే సుమారు 1,070 మీటర్ల మీద ఉంది కాబట్టి ఉత్తరం వైపు నుంచి ఎక్కవలసినది 470 మీటర్లే. దక్షిణాన పోఁ ద మోఁవేర్ నుంచి వస్తే మరో 200 మీటర్లు అదనం. పైన చెట్లు ఉండవు. పూర్వం మంచు తుపానులో దారి తప్పినవారికి వినబడేలా గంటలు మోగించడానికి కట్టిన చిన్న గోపురాలు ఆ కొండ పల్లెలలో ఇంకా నిలిచి ఉన్నాయి, ఆగి చూడదగినవి. జూన్‌లో మంచు భయం లేదు గాని మధ్యాహ్నం తరువాత ఉరుములు, మెరుపులు వస్తాయి, అందుచేత ఉదయాన్నే కనుమ దాటడం మంచిది.

ఫ్లోరాక్ నుంచి తార్న్ నది లోయ వెంట సాగే దారిని అందరూ మెచ్చుకుంటారు. లోయ అద్భుతమే, కాదనను. కాని జూలై, ఆగస్టులలో ఆ ఇరుకు దారి నిండా లోపల ఇల్లులా అమర్చిన వ్యాన్లూ పడవలు మోసే బండ్లూ ఉంటాయి. నేనైతే సేంతెనిమీ నుంచి మెజాఁ కోస్ మీదకు ఎక్కి పీఠభూమి మీదుగా వెళతాను.

తులూజ్‌వాసి

ఇక్కడ మీతో కొంత విభేదిస్తానండీ. వేసవి సెలవుల మాట మీరన్నది నిజం, కాని జూన్ మొదటి పక్షంలో, అందులోనూ పని దినాలలో ఉదయం పూట, తార్న్ లోయలో నాకు వాహనాల ఇబ్బంది కలగలేదు. నది ఒడ్డున గుడారాలు వేసుకునే చోట్లన్నీ ఆ లోయలోనే ఉన్నాయి. లోయలో రాత్రి గడిపి, మర్నాడు ఎండ ముదరకముందే పీఠభూమి ఎక్కడం ఇద్దరికీ నచ్చుతుందనుకుంటాను. మెజాఁ కోస్ తప్పకుండా చూడవలసినదే. 1993లో అక్కడికి తెచ్చిన ప్రెవాల్స్కీ జాతి అడవి గుర్రాల మంద ఉంది. 1981 నుంచి మళ్ళీ వదిలిన రాబందులు లోయ అంచుల వెంట మన తల కంటే కిందుగా ఎగురుతూ కనబడతాయి.

కనుమదారి (విశాఖపట్నం)

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. రోజుకు 50 కిలోమీటర్లకు తగ్గిస్తున్నాము, పెడల్ దగ్గరి పళ్ళ చక్రాలు కూడా మార్పిస్తాము. పీఠభూమి మీద నీళ్ళ సంగతి, శాకాహారం సంగతి ఎవరైనా చెప్పగలరా?

లియోన్_తెలుగు

సున్నపురాతిలో వాన నీరు నిలవదు, పగుళ్ళ గుండా లోపలికి ఇంకిపోయి అడుగున లోయలో ఊటగా బయటపడుతుంది. అందుచేత కోస్ మీద ఏరు గాని వాగు గాని కనబడదు. గొర్రెల కోసం రాళ్ళు పరిచిన గుంటలు ఉంటాయి, ఆ నీరు మనుషులకు పనికిరాదు. ఒక్కొక్కరు కనీసం మూడు లీటర్లు లోయలోనే నింపుకొని ఎక్కండి. ఊళ్ళలో అయితే శ్మశానం గేటు పక్కన సాధారణంగా కొళాయి ఉంటుంది, యాత్రికులు అక్కడ సీసాలు నింపుకోవడం మామూలే. ‘నోఁ పొతాబ్ల్’ అని రాసి ఉన్న నీళ్ళు మాత్రం తాగకూడదు.

పల్లె దుకాణాలు మధ్యాహ్నం 12 గంటలకు మూసి రెండు గంటలకో, మూడు గంటలకో తెరుస్తారు. ఆదివారం ఉదయం రొట్టెల అంగడి తెరిచినా మధ్యాహ్నం అన్నీ మూతపడతాయి, చాలా ఊళ్ళలో సోమవారం కూడా సెలవే. కాబట్టి శనివారం సాయంత్రానికే రెండు రోజుల సరుకులు సంచిలో ఉండాలి.

పెరుగన్నం_పారిస్

మా ఇంటివారూ నేనూ శాకాహారులమే, ఆ ప్రాంతంలో గుడారంతో తిరిగాము. భోజనశాలలో మాంసం లేకుండా వడ్డించమంటే చేపలో, సన్నగా తరిగిన పంది మాంసం ముక్కలో వస్తాయి. రెండూ వద్దని విడివిడిగా చెప్పాలి. బంగాళాదుంపలను చీజుతో కలిపి సాగేలా చేసే అలిగో అక్కడి ప్రసిద్ధ వంటకం. పక్కన సాసేజ్ పెడతారు, ముందే వద్దనండి. ల ప్యూయి పచ్చ మసూరు పప్పు దుకాణాలలో దొరుకుతుంది, నానబెట్టనవసరం లేకుండా అరగంట లోపే ఉడుకుతుంది, అందులో మన కందిపొడి కలుపుకుంటే కడుపు నిండుతుంది. చీజులలో చాలావాటికి పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవారు చీటీ చదివి కొనాలి.

పొడులు, అటుకులు, చింతపండు ఇంటినుంచి తెచ్చుకోవచ్చు. నెయ్యి, మజ్జిగ మిరపకాయలు వద్దు, ఎందుకంటే భారతదేశం నుంచి పాల పదార్థాలను సామానులో తేవడానికి ఐరోపా సమాఖ్య అనుమతించదు. గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు కాబట్టి అక్కడే కొనాలి. పల్లెలలో నొక్కి బిగించే మూతి డబ్బాలే ఎక్కువగా దొరుకుతాయి, మీ పొయ్యి మర బిగించేదైతే పెద్ద ఊళ్ళోనే కొనిపెట్టుకోండి.

కనుమదారి (విశాఖపట్నం)

చాలా ఉపయోగకరమైన మాటలండీ. చివరి భాగం గురించి ఒక్క ప్రశ్న. ఫ్లోరాక్ నుంచి నీమ్ వైపు వెన్నుగట్టు మీది దారి మంచిదా, లోయ దారి మంచిదా?

తులూజ్‌వాసి

సందేహం లేకుండా వెన్నుగట్టు దారే. లూయీ 14 కాలంలో ప్రొటెస్టెంట్ తిరుగుబాటుదారులను అణచడానికి సైన్యం కోసం వేసిన దారి అది. సేంఝాఁ ద్యుగార్ వరకు 50 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఫ్లోరాక్ సుమారు 545 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడినుంచి వేయి మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న ఎత్తుకు చేరితే తరువాత రెండు వైపులా లోయలు చూస్తూ వెళ్ళవచ్చు. మొదటి ఎక్కుడులో సేంలోరాఁ ద త్రేవ్ అనే పల్లె దగ్గర రాతి మీద డైనోసార్ అడుగు జాడలున్నాయి, ఊపిరి తీసుకోవడానికి అక్కడ ఆగండి. దారిలో దుకాణాలు బహు తక్కువ. వేసవిలో కొత్తగా తారు పోసి కంకర చల్లిన ముక్కలు తగులుతాయి, దిగుడులో అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టవద్దు. చీకటిలో గాని పొగమంచులో గాని ఊరి బయట తొక్కితే మెరిసే చొక్కా వేసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి.

సెప్టెంబరుకు వాయిదా వేయాలనిపిస్తే నెల మొదటి సగంలోనే ముగించండి. శరదృతువులో మధ్యధరా సముద్రం మీది వెచ్చని తేమగాలి ఈ కొండలకు తగిలి కొద్ది గంటలలోనే కుండపోత కురుస్తుంది, ఏటి ఒడ్డున గుడారం వేసినవారికి అది నిజమైన ప్రమాదం. జూన్‌లోనైనా పైన ఉరుములు వినబడిన రాత్రి నీటి అంచుకు దూరంగా, మెట్ట మీద పడుకోండి.

లియోన్_తెలుగు

నీమ్ నుంచి తిరుగు ప్రయాణానికి టీజీవీ అనే వేగపు రైలు ఎక్కేట్లయితే సైకిల్ చోటు ముందే కొనాలి; అది లేని బండ్లలో చక్రాలు విప్పి సంచిలో పెట్టి తీసుకెళ్ళాలి. ప్రాంతీయ రైళ్ళలో సైకిల్ కొక్కేలు కొన్నే ఉంటాయి, వేసవిలో త్వరగా నిండుతాయి, కాబట్టి లా బాస్తీద్‌కు ఉదయపు మొదటి బండినే ఎంచుకోండి.