బంకమట్టి గట్టు మీద పికప్ జారుతోంది, ఏం చేయాలి?

అమలాపురం దగ్గర మా కొబ్బరితోటకి వెళ్ళే కాలువ గట్టంతా నల్ల బంకమట్టి. వాన పడితే పికప్ కదలదు, ఖాళీగా ఉన్నప్పుడు మరీను. వెనక చక్రాల డ్రైవ్, మామూలు రోడ్డు టైర్లు. ఎడమ చక్రం గిర్రున తిరుగుతుంటే కుడిది అలాగే నిలబడిపోతుంది. టైరు గాళ్ళు మట్టితో పూడిపోయి నున్నగా అయిపోతాయి.

వెనక టైర్లలో గాలి 60 నుంచి 40 పీఎస్‌ఐకి తగ్గించాను. రెండో గేరులో నెమ్మదిగా లాగించాను. వెనక ఇరుసు మీదుగా ఇసుక బస్తాలు వేస్తే కాస్త పట్టు దొరికింది గానీ బండి వెనక భాగం కాలువ వైపు జారుతోంది. నా టెన్షన్ అంతా దాని గురించే. చక్రాల కింద కొబ్బరి మట్టలు వేస్తే బయటపడి, కొంచెం దూరానికే మళ్ళీ దిగబడుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనే స్తోమత లేదు. వెనక చక్రాలకు చైన్లు కట్టడం, మడ్ టైర్లు వేయించడం, ఈ రెండింట్లో ఇలాంటి బంకమట్టిలో పక్కకి జారకుండా పట్టు ఇచ్చేది ఏది?