‘రాగరుచి బొంపిరివోయి’: అక్కడ బొ నా, పొ నా?

మూలాపేట, నెల్లూరు
ఒక పద్యం ముక్క కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు. ‘...రాగరుచి బొంపిరివోయి’ వరకే గుర్తుంది. భారతంలోదే, శరత్కాలమే. ఇక్కడ ఫోటోలు నేర్చుకుంటున్న పిల్లలకు ఫోటోగ్రాఫర్ పాబ్లో బార్తలోమ్యూ తొలినాటి ఫోటోల గురించి చెప్పాలి. 1970లలో, ఇరవై ఏళ్ళు కూడా నిండకముందే, తన చుట్టూ ఉన్న బతుకునే తీశాడాయన. ఢిల్లీలో ఇల్లు, ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, వాళ్ళ తీరిక గంటలు, తన మొహం. డైరీ రాసుకున్నట్టే. 1984లో భోపాల్‌ గ్యాస్ ప్రమాదంలో పోయిన పసిబిడ్డను పూడ్చే ఫోటో తీసింది ఈయనే అని చెబితే పిల్లలు నమ్మరు. మొదటి స్లైడ్ మీద ఈ పాదం పెట్టాలని ఉంది. పొంపిరి అని రాయాలా, బొంపిరి అనా?

కందుకూరు మాస్టారు
ఎర్రన. నన్నయ వదిలిన చోట అందుకున్న అరణ్యపర్వశేషం ఎత్తుగడే అది. ‘స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి’. బొ. రుచిన్ అని చివర ద్రుతం, అంటే న్, ఉంది. దాని వల్ల పరుషం ప సరళం బ అయింది. ఆ న్ కు గుర్తయిన అరసున్న (ఁ) మాత్రం వదలొద్దు. అది తీసేస్తే ఆ బొ ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు అంతుపట్టదు.

ఒంగోలు
ద్రుతం ఉందని ఎందుకనుకోవాలి మాస్టారూ? ‘రుచి’ని ప్రథమగా, అంటే కర్తగా, తీసుకుంటే కాంతే పొంగిపోయింది అని సూటిగా వస్తుంది కదా. నాకు చిన్నప్పటి నుంచీ అలాగే వినిపిస్తుంది.

కందుకూరు మాస్టారు
ప్రథమ మీద పరుషానికి గసడదవ రావాలి, అంటే ప వ కావాలి. అప్పుడు ‘వొంపిరి’ అవుతుంది. ఆ పక్కనే ‘పోయి’ ‘వోయి’ అయింది చూడండి. పైగా కర్త వాసరముఖంబులు, అది నాలుగో పాదంలో గాని రాదు. పొద్దులు ఎర్రటి కాంతితో నిండి పొంగాయి. మూడు పాదాల పాటు కర్త కోసం ఓపిక పట్టాలి, అదీ ఎర్రన నడక.

పొదిలి
యతి చూడండి, పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి కదా, తేలిపోతుంది. చంపకమాల, పదకొండో అక్షరం.

అద్దంకి
యతి ఏమీ తేల్చదండీ. స్ఫు-కు పొం, బొం, వొం మూడూ చెల్లుతాయి. ప ఫ బ భ వలు మైత్రి వర్ణాలే, ఉ-ఒలకూ పేచీ లేదు. నాకు ఆ పాదంలో అసలు మాట ‘అరుణ’. ఆశ్వాసాంతాల్లో నన్నయ పేరే నిలిపి, కృతి రాజరాజుకే ఇచ్చి, తను పక్కకు తప్పుకున్నాడు ఎర్రన. అయినా మొదటి అడుగులోనే ఎరుపు వేశాడు. అది ఆయన సంతకం అని నా నమ్మకం. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్నవాడికి పేరు మీద ఆశ లేక కాదు, హరివంశంలో తన పేరుతోనే నిలబడ్డాడు. ఇక్కడ మాత్రం పెద్దాయనకు చోటిచ్చాడు. అంత మర్యాద ఇంకొకరిలో నేను చూడలేదు.

కావలి
ఎరుపే మీకు ఇబ్బంది, మూలాపేట అన్నా. ఆ ఫోటోలు నలుపు తెలుపు. వాటి మీద అరుణాంశురాగం ఎలా అతుకుతుంది? నన్నయ చివరి పద్యం ‘శారదరాత్రులు’ పెట్టండి. వెన్నెలను కర్పూరం పొడితో చెప్పాడు. తెలుపు, బూడిద, చీకటి, అన్నీ అందులోనే ఉన్నాయి.

మూలాపేట, నెల్లూరు
ఆలోచించాను తమ్ముడూ. నన్నయది ఆకాశం నిండిన వెన్నెల, మనుషులకు దూరం. నాకు కావలసింది పొద్దు. లేవగానే ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో చూసే చూపు. ‘వాసరముఖంబులు’ అన్నాడే, ఆ ముఖం నాకు ముఖ్యం. ఆ కుర్రవాడు తీసింది రోజుల మొహాలనే కదా.

కందుకూరు మాస్టారు
ముఖం అంటే అక్కడ మొదలు. మొహం కాదు.

అద్దంకి
మొహం కూడా, మాస్టారూ. మబ్బు ముసుగు తొలగింది, తామరలు విచ్చాయి అని వరుసగా చెప్పి చివర ముఖం అన్నవాడు రెండో అర్థం ఎరగడా?

కావలి
ఇంకో సంగతి. పాబ్లో తండ్రి రిచర్డ్ బార్తలోమ్యూ బర్మాలో పుట్టి ఢిల్లీలో స్థిరపడిన కళావిమర్శకుడు. ఆయనా ఇంట్లోవాళ్ళనే ఫోటోలు తీసేవారు. కొడుకు కెమెరా నేర్చింది ఆయన దగ్గరే. ఇంట్లో తండ్రి చూసినదాన్ని కొడుకు తన కళ్ళతో మళ్ళీ ఎత్తుకున్నాడు. నన్నయ శరత్తును ఎర్రన అందుకున్నట్టే. అందుకే రెండు పద్యాలూ పక్కపక్కనే పెట్టమంటాను.

ఒంగోలు
ఆ జత కుదరదు. ఈ తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉన్నారు, నన్నయ ఎర్రనల మధ్య దాదాపు మూడు వందల ఏళ్ళున్నాయి. నెల్లూరు తిక్కన కూడా అరణ్యపర్వం జోలికి పోకుండా విరాటపర్వం ఎత్తుకున్నాడు. ఆ ఖాళీ పూరించడానికి మా ప్రకాశం కవే రావలసి వచ్చింది.

మూలాపేట, నెల్లూరు
ఎర్రన ఊరు గుడ్లూరు 2022లో మా జిల్లాలోకి వచ్చింది. అలా ఎర్రన మావాడు కూడా.

అద్దంకి
అలాగైతే అద్దంకి అదే ఏడు బాపట్లలోకి పోయింది, కొలువు మాది. జిల్లాల గీతలతో కవులను పంచకండి. ఎర్రన నాటికి ఇదంతా పాకనాడు అనే ఒకే సీమ.

పొదిలి
పాకనాడు ఎల్లల గురించి వేరే చర్చ పెట్టాలి. పొదిలి అందులో ఎటు వైపో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఒంగోలు
పెట్టండి. కానీ ‘రుచి’ని నేను వదల్లేదు. మా నాయన చదివిన పాత భారతం అటక మీద ఉంది. ఆదివారం దించి ఆ పద్యం చూస్తాను. రుచి పక్కన అరసున్న లేకపోతే మాస్టారు ఏమంటారు?

కందుకూరు మాస్టారు
అచ్చుతప్పు అంటాను. అయినా పేజీ ఫోటో తీసి పెట్టండి, ముందు పేజీతో సహా.